కాగితపు శిరస్త్రాణం కత్తి దెబ్బకు ఆగేదా?

రంగస్థలం_పెట్టె: జపాన్ సమురాయ్ కాతో కియోమస (1562–1611) శిరస్త్రాణం ఫొటో చూశాను. పొడుగాటి వెండి రంగు టోపీ, పక్కన ఎర్రటి సూర్యబింబం. కాగితంతో చేశారట! మేం నాటకాలకు చేసే అట్ట కిరీటాలు నాలుగు చినుకులు పడితే మెత్తబడిపోతాయి. అది యుద్ధంలో ఎలా నిలిచింది? పైన పూసింది మన లక్కేనా?

బొమ్మల_బాబాయ్: లక్క కాదండీ. లక్క పురుగు నుంచి వస్తుంది, వేడికి కరుగుతుంది. వాళ్లది ఉరుషి, చెట్టు పాలు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు.

కనజావా_కోడలు: ఇక్కడ జపాన్‌లో ఉరుషి పని నేర్చుకుంటున్నాను కాబట్టి కాస్త చెప్తాను. కత్తిని ఆపేది కాగితం కాదు, లోపలున్న మామూలు ఇనుప టోపీ. దాని మీద సన్నటి చెక్కలతో చట్రం కట్టి, కాగితం పొరలు పొరలుగా అంటించి ఆకారం తెచ్చేవారు. వాలుగ చేప తోక, శంఖం, కుందేలు చెవులు... ఏదైనా సరే. 16వ శతాబ్దం చివర్లో సైన్యాలు పెద్దవయ్యాయి, నాయకుడు దూరం నుంచే కనిపించాలి. అంత ఎత్తు ఇనుముతో చేస్తే మెడ విరుగుతుంది!

కాగితం కోజో చెట్టు బెరడుది, నార పొడుగ్గా ఉంటుంది. పైన మెత్తటి మట్టిపొడి కలిపిన ఉరుషి మెత్తి, ఆరాక సానరాయితో నున్నగా తీస్తారు. తర్వాత పూత, బొగ్గుతో రుద్దడం, మళ్లీ పూత. చివరి పూత ఇంకా కాస్త అంటుకుంటుండగానే వెండి రేకు పరుస్తారు.

విచిత్రం ఏంటంటే ఉరుషి ఎండలో ఆరదు. గాలిలో తేమ 70–80 శాతం ఉండాలి. మా టీచర్ చెక్క బీరువాలో తడిగుడ్డలు పెట్టి తలుపు మూసేస్తారు. నన్నడిగితే అసలు పనితనమంతా ఆ బీరువాలోనే ఉంది.

రంగస్థలం_పెట్టె: చాలా థ్యాంక్స్ అమ్మా. ఆ ఉరుషి తెప్పించుకుని మా కిరీటాలకు పూయొచ్చా?

కనజావా_కోడలు: వద్దండీ. అది మామిడి, జీడిమామిడి కుటుంబమే. మామిడికాయ సొన తగిలితే పొక్కినట్టే, పచ్చి ఉరుషి తగిలినా పొక్కుతుంది, ఇంకా ఎక్కువగా. గ్లోవ్స్ వేసుకున్నా నా మణికట్టు వారం దాకా దురద. పైగా ఒక చెట్టు నుంచి ఒక సీజన్‌కు వచ్చేది 200 గ్రాముల లోపే, ధర ఊహించుకోండి. మీకు తలుపులకు వేసే వార్నిష్ చాలు. కాకపోతే కిరీటం లోపలి వైపు కూడా వేయండి. చెమట పట్టేది అక్కడేగా.