‘భారతి’ పాత సంచికల్లో మా మాస్టారి రచనలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. ఒడియా బడులలో చదువుకున్న మాకు సాయంత్రాలు కూర్చోబెట్టి తెలుగులో కథ, వ్యాసం రాయడం నేర్పిన మాస్టారు 1975-85 మధ్య ‘భారతి’ మాసపత్రికకు రాసేవారు. కొన్ని కథలు, చాలా పుస్తక సమీక్షలు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషకు చేసిన సేవ మీద వ్యాసాలు. నా దృష్టిలో ఆ వ్యాసాలే అన్నిటికన్నా విలువైనవి. ఆయన దాచుకున్న ప్రతులు 2013 ఫైలిన్ తుపానులో తడిసి పాడైపోయాయి. ఇప్పుడాయనకు చూపు మందగించింది. ఉన్నవన్నీ సేకరించి పుస్తకంగా వేయాలని శిష్యులం పూనుకున్నాం. రచయితగా హక్కు ఆయనదే, అనుమతీ ఇచ్చారు.

చిక్కల్లా సమీక్షలతోనే. వాటి కింద పేరు బదులు పొడి అక్షరాలు వేసుకునేవారు. అందుకని పేరుతో వెతికితే దొరకవు, సంచికలు ఒక్కొక్కటీ తిరగేయాలి.

వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం: వీటిలో ఆ పదేళ్ల సంచికలు వరుసగా ఎక్కడున్నాయి? పుటలను ఫోనుతో ఫొటో తీసుకోనిస్తారా? ముందుగా ఉత్తరం రాయాలా? ఇటీవల అక్కడికి వెళ్లినవారు దయచేసి చెప్పండి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఎవరి ఇంట్లోనైనా పాత ‘భారతి’ కట్టలుంటే మేమే వచ్చి, అక్కడే చూసుకుంటాం.