మూడు రోజుల్లో కోటలు, రాజుగారి ఊరు: బుర్ర పనిచేయట్లేదు, సాయం చేయండి

కొత్తకాపు:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండు. ఒక్క రోజు ప్లాను కూడా తేలలేదు. ఏప్రిల్ 11 శుక్రవారం సెలవు పెట్టాను, శని ఆదివారాలతో కలిపి మూడు రోజులు. ముందు రాజుగారి ఊరు వెళ్లి బంగారు సింహాసనం చూసి, వెనక్కి వచ్చి, ఆదివారం సముద్రం ఒడ్డు కోట, అందులో బానిసల్ని ఓడలెక్కించిన ఆ 'తిరిగిరాని ద్వారం' చూద్దామని. బస్సుల సైటులో ఏది నొక్కినా రాజధాని నుంచే చూపిస్తోంది. అటు 250 కిలోమీటర్లు, ఇటు 150, రెండుసార్లు వెనక్కి. బతుకు రోడ్డు మీదే తెల్లారిపోయేలా ఉంది. రూము ఈ రాత్రే బుక్ చేయాలి, టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మితభాషి:
ఏ దేశం?

డకార్‌లో ఐదేళ్లు:
ద్వారం అంటే సెనెగల్‌లో గోరే దీవిలోదా? డకార్ రేవు నుంచి పడవలో ఇరవై నిమిషాలు, అక్కడి 'బానిసల ఇల్లు' తప్పకుండా చూడండి. కానీ ఆ పక్కన రాజుగారెవరూ లేరే! బెనిన్ అయితే విదా తీరంలో అదే పేరుతో ఒక తోరణం ఉంది, అబోమేలో రాజుల మట్టి భవనాలున్నాయి. అవి 1985లోనే యునెస్కో జాబితాకెక్కాయి. మీరు చెప్పిన దూరాలు మాత్రం దేనికీ కుదరట్లేదు.

కొత్తకాపు:
అయ్యో, ఘానా అండీ. మేముండేది ఆక్రాలో. కోట కేప్ కోస్ట్‌లో, రాజుగారి ఊరు కుమాసి. చెప్పాననుకున్నాను.

మితభాషి:
చెప్పలేదు.

బందరు చరిత్ర:
'కోట' అనేముందు ఒక మాట. ఇవి రాజుల కోటలు కావు, వ్యాపారుల గిడ్డంగులు. కేప్ కోస్ట్ పక్కనే ఉన్న ఎల్మినా కోటని 1482లో పోర్చుగీసువాళ్లు కట్టింది బంగారం కోసం. 1637లో డచ్చివాళ్లు లాక్కున్నారు, 1872లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. కేప్ కోస్ట్‌లో మొదట కర్రతో కట్టుకున్నది స్వీడన్‌వాళ్లు, 1653లో. బంగారం వ్యాపారం పోయి మనుషుల వ్యాపారం వచ్చాక ఆ గిడ్డంగులే చెరసాలలయ్యాయి. మనవాళ్లు ఎవరూ మాట్లాడని సంగతి ఇంకోటుంది. మనుషుల్ని కొనడానికి ఓడల్లో తెచ్చిన సరుకులో మన కోరమండల్ తీరం నూలుబట్ట కూడా ఉంది. దానికి 'గినీ గుడ్డ' అని పేరే పడిపోయింది. ఇక్కడ నేసింది యూరప్ వెళ్లి, అక్కడ మళ్లీ ఓడెక్కి ఆఫ్రికా తీరానికి చేరేది. బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లు ఎల్మినా చూస్తే ఆ గొలుసు అర్థమవుతుంది. అయితే బందరులో ఉన్నది వాళ్ల ఈస్టిండియా కంపెనీ, ఎల్మినాలో ఉన్నది వెస్టిండియా కంపెనీ. రెండూ వేరు, కలిపేయకండి.

మితభాషి:
ఆయన అడిగింది బస్సు గురించి.

ఆక్రా పాతకాపు:
తమ్ముడూ, నీ ప్లాను తిరగేస్తే సరిపోతుంది. ఏప్రిల్ 13 ఆదివారం కుమాసిలో అక్వాసిడే పండగ. ఆ రోజు అసాంతె రాజు మన్హియా రాజభవనంలో పెద్ద గొడుగుల కింద కొలువు తీరతాడు. డప్పులు, కొమ్ముబూరలు, కెంటె బట్టల్లో పెద్దలు, చూసి తీరాలి. ఇది 42 రోజులకోసారి వస్తుంది. 2024 మే 12న రాజుగారు గద్దెనెక్కిన పాతికేళ్ల ఉత్సవం కూడా అక్వాసిడే నాడే జరిగింది. అక్కణ్ణుంచి 42 చొప్పున లెక్కేసుకో, సరిగ్గా నీ ఆదివారమే తగులుతుంది. నువ్వేమో ఆ రోజుకి కోటలో ఉంటానంటున్నావు!

కేప్ కోస్ట్ నుంచి కుమాసికి మళ్లీ ఆక్రా రానక్కర్లేదు. అసిన్ మాన్సో, అసిన్ ఫోసు మీదుగా నేరుగా రోడ్డుంది, 220 కిలోమీటర్ల చిల్లర. ఆ సైటులో కనపడకపోతే కేప్ కోస్ట్ స్టేషన్‌కే వెళ్లి కుమాసి బండి అని అడుగు. నిండగానే కదులుతుంది, నిండేదాకా కదలదు.

శుక్రవారం చీకటితోనే బయల్దేరు, తెల్లారితే కసోవా దగ్గర ట్రాఫిక్ నిన్ను మింగేస్తుంది. పొద్దున కేప్ కోస్ట్, మధ్యాహ్నం ఎల్మినా, మధ్య దూరం పదమూడు కిలోమీటర్లు కూడా ఉండదు. శనివారం కుమాసి దారిలో అసిన్ మాన్సో దగ్గర దిగు. బందీలకి ఆఖరి స్నానం చేయించిన ఏరు అది. 1998లో బానిసలుగా బతికినవాళ్లలో అమెరికా నుంచి ఒకరి అస్థికలు, జమైకా నుంచి ఒకరివి తెచ్చి, కేప్ కోస్ట్‌లోని ఆ ద్వారంలోంచే వెనక్కి తీసుకొచ్చి అక్కడ ఖననం చేశారు. తిరిగిరాని ద్వారం బయటివైపు ఇప్పుడు 'తిరిగివచ్చే ద్వారం' అని రాసి ఉంటుంది. కావాలని బయటికెళ్లి వెనక్కి తిరిగి చూడు.

ముందు ఎల్మినా, తర్వాత కుమాసి అనడానికి ఇంకో కారణం. 1896లో ఇంగ్లీషువాళ్లు అసాంతె రాజు ప్రెంపేని పట్టుకుని మొదట ఎల్మినాలోనే పెట్టారు. తర్వాత సీషెల్స్ దాకా పంపేశారు. 1924లో తిరిగొచ్చాక ఆయన కోసం కట్టిన ఇల్లే ఇప్పటి మన్హియా మ్యూజియం. ఆ వరసలో చూస్తే కథ అతుకుతుంది.

కొత్తకాపు:
అన్నా దండం. నేరుగా రోడ్డుందని ఇన్ని గంటల్లో నాకు తట్టనే లేదు. ఒక చిన్న విషయం, అమ్మ కూడా వస్తోంది. 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. 9న హైదరాబాద్ నుంచి దిగుతుంది. బాబుకి ఆరేళ్లు. కాకుమ్ అడవిలో ఆ ఊగే వంతెన కూడా ఎక్కిద్దామా?

ఆక్రా పాతకాపు:
ఇది చిన్న విషయమా తమ్ముడూ! కాకుమ్ మానెయ్. ఏడు తాళ్ల వంతెనలు, మొత్తం 350 మీటర్లు, కింద అడవి. అక్కడికి చేరాలన్నా మెట్లూ ఎత్తూ. కేప్ కోస్ట్ కోటలో చెరగదుల్లోకి వాలు, చీకటి, ఎగుడుదిగుడు రాళ్లు. అమ్మని పైన వరండాలో కూర్చోబెట్టు, గాలి బాగుంటుంది. నిజానికి మగవాళ్ల చెరగదుల మీదే చర్చి కట్టుకున్నారు అక్కడ. ఆ సంగతి అమ్మకి చెప్పాలా వద్దా నువ్వే చూసుకో.

మితభాషి:
అమ్మకి యెల్లో ఫీవర్ టీకా?

కొత్తకాపు:
ఈ వారం వేయిద్దామని.

మితభాషి:
దిగడానికి పది రోజుల ముందే పడాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు జాగ్రత్త. తిరుగు ప్రయాణంలో మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.

బందరు చరిత్ర:
ఇంకో సవరణ. సింహాసనం అన్నారు, అది పీట. వాళ్ల భాషలో సికా ద్వా కోఫీ. సికా అంటే బంగారం, ద్వా అంటే పీట, కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు.

డకార్‌లో ఐదేళ్లు:
పీట అంటే మనవాళ్లకి కత్తిపీట గుర్తొస్తుందండీ. గౌరవంగా సింహాసనం అంటే పోయేదేముంది?

బందరు చరిత్ర:
పెళ్లిపీటలకి గౌరవం తక్కువా? సింహాసనం మీద కూర్చుంటారు. దీని మీద ఎవరూ కూర్చోరు, రాజు కూడా. 1900లో ఇంగ్లీషు గవర్నరు హాడ్జ్‌సన్ దాన్ని తెమ్మని, తాను కూర్చోవాలని అడిగినందుకే ఎజిసు రాజమాత యా అసాంతెవా యుద్ధానికి దిగింది. మ్యూజియంలో పెట్టరు, టూరిస్టుకి చూపించరు. ఆ ఆశ వదిలేయండి.

కొత్తకాపు:
అంటే నేను వెళ్తున్నదే దానికోసం కదా! సరే, అక్వాసిడే ఉందిగా. మరి అమ్మకి తిండి?

ఆక్రా పాతకాపు:
రెడ్ రెడ్ అడుగు. అలసందల కూర, పక్కన పండిన అరటికాయ వేపుడు. ఎండుచేప వేశారేమో ముందే కనుక్కో, అడక్కపోతే చెప్పరు. డబ్బులు ఎడమ చేత్తో ఇవ్వొద్దని బాబుకి చెప్పు, మనలాగే వాళ్లకీ పట్టింపు.

గోదారి గట్టు:
అలసందలేంటి, బొబ్బర్లు అనండి.

ఆక్రా పాతకాపు:
మాది అనంతపురం. అలసందలే.

కొత్తకాపు:
రూములు బుక్ అయ్యాయి, థాంక్స్ అందరికీ. చిన్న రైస్ కుక్కరు పట్టుకెళ్తున్నాం. అమ్మ టికెట్టు 10వ తేదీకి మార్చాను, టీకాకి రోజులు సరిపోవాలిగా.

బందరు చరిత్ర:
బాగుంది. పీటే.

గోదారి గట్టు:
కొత్తకాపు గారూ, వెళ్లొచ్చారా? మేం ఆగస్టులో వెళ్తున్నాం. కేప్ కోస్ట్‌లో కుమాసి బండి నిండటానికి ఎంతసేపు పట్టింది?