విప్‌లాష్ క్లైమాక్స్‌లో గెలిచింది ఆండ్రూనా, ఫ్లెచరా?

రాత్రిషో_రాజా:
ఎట్టకేలకు విప్‌లాష్ చూశానండీ. 2014 సినిమా, మీరంతా చూసేసి మర్చిపోయి కూడా ఉంటారు, నాకు ఇప్పటికి కుదిరింది. అయిపోయాక కూడా చాలాసేపు గుండె దడ తగ్గలేదు. ఒక్క ఫైటు లేదు, ఒక్క హత్య లేదు, న్యూయార్క్‌లో ఓ మ్యూజిక్ కాలేజీ, అక్కడ డ్రమ్స్ నేర్చుకునే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఆండ్రూ, వాణ్ణి పీక్కుతినే మాస్టారు ఫ్లెచర్, కథంటే ఇంతే, మరి థ్రిల్లర్ చూసినట్టు చేతులు చెమటలు పట్టడం ఏంటో. సరే, నా డౌటు క్లైమాక్స్ గురించి. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, మొత్తం చెప్పేస్తున్నా.

కార్నెగీ హాల్‌లో ఫ్లెచర్ కావాలనే ఆండ్రూ దగ్గర నోట్స్ లేని పాట ఎత్తుకుని అందరి ముందూ వాడి పరువు తీస్తాడు. వాడు లేచి బయటికెళ్తే నాన్న వాటేసుకుని ఇంటికెళ్దాం పద అంటాడు. అక్కడితో అయిపోయింది అనుకుంటే వాడు తిరిగొచ్చి, ఫ్లెచర్ జనంతో ఇంకా మాట్లాడుతుండగానే కారవాన్ అనే జాజ్ పాట వాయించడం మొదలుపెట్టేస్తాడు. చివర్లో ఇద్దరూ ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకుని నవ్వుకుంటారు, కట్. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. మా రూమ్మేట్ మాత్రం అది హారర్ సినిమా ఎండింగ్ రా, నీకు బుర్రకెక్కలేదు అంటున్నాడు. ఇంతకీ ఎవరు గెలిచినట్టు? అలా రాచిరంపాన పెడితేనే గొప్పవాళ్లు పుడతారని సినిమా ఒప్పుకున్నట్టేనా?

ఇంటర్వెల్‌బ్యాంగ్:
మీ రూమ్మేటే కరెక్ట్ బ్రో. డైరెక్టర్ డేమియన్ షజెల్ అప్పట్లో ఒక ఇంటర్వ్యూలో చెప్పేశాడు కదా, ఆ తర్వాత ఆండ్రూ ముప్పైల్లోనే డ్రగ్స్‌తో పోతాడని తన ఊహ అట, ఫ్లెచర్ మాత్రం తనే గెలిచాననుకుంటాడట. ఇంకేం డిస్కషన్.

తొమ్మిదో_వరుస:
డైరెక్టర్ ఇంటర్వ్యూలో ఏం చెప్పాడన్నది పక్కన పెట్టండి, తెర మీద ఉన్నదే లెక్క. తెర మీద నాకు కనపడింది ఆండ్రూ గెలుపే. సినిమా అంతా చెయ్యెత్తి ఆపేది ఫ్లెచర్, మొదలుపెట్టేది ఫ్లెచర్. ఆఖర్న బాస్ వాయించేవాడికి నేను సైగ చేస్తా అని చెప్పేది ఆండ్రూ, ఫ్లెచర్ దగ్గరకొచ్చి గుడ్లురిమినా లెక్కచెయ్యడు, అంతటి మనిషీ చచ్చినట్టు వాడి వెనకే వెళ్లాల్సొస్తుంది. పాట అయిపోయి లైట్లు ఆరిపోయినా ఆపడు చూడండి, అదీ గెలుపంటే. ఒత్తిడి లేకుండా ఏ కళలోనూ ఎవడూ పైకి రాడు, ఇప్పుడందరూ సున్నితం అయిపోయి ఫ్లెచర్‌ని రాక్షసుణ్ణి చేసేస్తున్నారు గానీ.

కర్రలశబ్దం:
నేను డ్రమ్స్ వాయిస్తాను (పెద్ద తోపునేం కాదు), అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ఈ సినిమాలో కీలకం క్లైమాక్స్ కాదు, శాక్సఫోన్ వాయించే జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ కథ. ఫ్లెచర్ దాన్ని మంత్రంలా వాడతాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు పార్కర్ తప్పు వాయిస్తే డ్రమ్మర్ జో జోన్స్ వాడి తలకాయ మీదికి సింబల్ (డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లెం) విసిరాడు, తల తెగినంత పనైంది, ఆ అవమానంతో ఏడాదిపాటు కసిగా ప్రాక్టీస్ చేసి ప్రపంచంలోకెల్లా గొప్ప సోలో (ఒక్కడే ముందుండి వాయించే భాగం) వాయించాడు, కాబట్టి నేను కుర్చీ విసిరినా తప్పులేదు, ఇదీ వాడి లాజిక్. అసలు జరిగింది వేరు. 1936లో కాన్సాస్ సిటీలో రెనో క్లబ్‌లో జామ్ సెషన్ (అందరూ కలిసి అప్పటికప్పుడు వాయించుకోవడం), పార్కర్‌కి పదహారేళ్లు కూడా సరిగ్గా లేవు, సోలోలో దారి తప్పాడు, జో జోన్స్ సింబల్ తీసి వాడి కాళ్ల దగ్గర నేల మీద పడేశాడు. ఇక చాలు దిగు అని ఎగతాళి చెయ్యడం అన్నమాట. అవమానమే, కాదనను, కానీ తల మీదికి విసరడం కాదు.

ఇంకో సంగతి. తర్వాతి ఎండాకాలం పార్కర్ ఓజార్క్ కొండల్లో ఒక రిసార్ట్‌లో బ్యాండ్‌తో పాటు వాయించడానికి వెళ్లాడు. శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ రికార్డులు వెంట తీసుకెళ్లి ఆ సోలోలన్నీ బట్టీ పట్టాడు, బ్యాండ్‌లోని తోటివాళ్లు కూర్చోబెట్టి హార్మొనీ నేర్పించారు. అంటే తిట్టినవాడి వల్ల కాదు, విన్న పాటల వల్లా, ఓపిగ్గా చెప్పినవాళ్ల వల్లా మారాడు. ఫ్లెచర్ కథలో ఈ సగం లేదు, ఉంటే వాడి సిద్ధాంతం నిలబడదు కాబట్టి. ఆ కథని ఆండ్రూ కూడా ముందే నమ్మేశాడు, వాడి గోడ మీదున్న హీరో డ్రమ్మర్ బడ్డీ రిచ్, బస్సులో తన బ్యాండ్ కుర్రాళ్లని బండబూతులు తిడుతుంటే ఎవరో గుట్టుగా రికార్డ్ చేసిన టేపులు ఇప్పటికీ తిరుగుతున్నాయి, కాబట్టి ఫ్లెచర్‌లాంటివాళ్లు గాల్లోంచి ఊడిపడలేదు.

చేతుల్లోంచి రక్తం కారడం గురించి కూడా చెప్పాలి. సినిమాకి అదిరిపోతుంది, నిజానికి అలా రక్తం వస్తోందంటే వాడు కర్రని పీక నులిమినట్టు పట్టుకుంటున్నాడని అర్థం. కర్ర డ్రమ్ మీద పడి దానంతటదే పైకి లేవాలి, దాన్ని లేవనిస్తేనే స్పీడొస్తుంది. సరైన మాస్టారైతే మొదటి రోజే పట్టు మార్పించేవాడు, ఫ్లెచర్ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తడు. చెంపలు వాయించి, ఇప్పుడు తొందరపడ్డావా, వెనకబడ్డావా అని అడగడం పాఠం కాదండీ, ఆ సీన్‌లో వాడు నేర్పింది భయం ఒక్కటే.

రాత్రిషో_రాజా:
కర్రలశబ్దం గారూ సూపర్. అయితే నాకు ఇంకో డౌట్, నేర్పింది ఏమీ లేకపోతే మరి ఆ ఆఖరి సోలో అంత బాగా ఎలా వాయించాడు?

కర్రలశబ్దం:
అక్కడే నాకూ సినిమాతో పేచీ. జాజ్ అంటే పక్కవాడు ఏం వాయిస్తున్నాడో విని జవాబివ్వడం. ఆండ్రూ సినిమా మొత్తంలో ఒక్కసారైనా సరదాకి నలుగురితో కూర్చుని వాయించాడా? లేదు. ఒంటరిగా గదిలో, లేకపోతే సీటు కోసం ఇంకొకడితో కొట్లాట. ఆ సోలో స్పీడుకీ సత్తువకీ దండం పెట్టొచ్చు, మిగతా పదిహేను మంది మాత్రం వాడికి గోడలే. తొమ్మిదో_వరుస గారికి ఒకటే, సోలో మధ్యలో పక్కకి ఒరిగిన సింబల్‌ని సరిచేసి పెట్టింది ఎవరు, నెమ్మదిగా తగ్గించి మళ్లీ పెంచమని చేత్తో చూపించింది ఎవరు? ఫ్లెచరే. బ్యాండ్‌ని లాక్కుంది ఆండ్రూ, చివరికొచ్చేసరికి మళ్లీ ఫ్లెచర్ చేతికిందే ఉన్నాడు, ఈసారి ఇష్టపడి.

తొమ్మిదో_వరుస:
సింబల్ పాయింట్ ఒప్పుకుంటా. అయినా ఆ నవ్వు చూస్తే నాకు ఇద్దరూ సమానంగా నిలబడ్డట్టే ఉంటుంది, అక్కడ నేను మారను.

చీకట్లో_పాప్‌కార్న్:
అందరూ నాన్నని వదిలేశారు. సోలో నడుస్తుండగా తలుపు సందులోంచి చూసే షాట్ ఉంది కదా, నాన్న వేషం వేసిన పాల్ రైజర్ మొహం చూడండి. గర్వమా భయమా చెప్పలేం, నాకైతే కొడుకు చేజారిపోయాడని తెలిసిపోయిన మొహంలా ఉంది. దీనికి ముందు భోజనాల బల్ల సీన్ గుర్తు తెచ్చుకోండి, ముప్పై నాలుగేళ్లకే తాగి, డబ్బుల్లేక చచ్చినా పర్లేదు, జనం నా గురించి మాట్లాడుకుంటే చాలు అంటాడు ఆండ్రూ. అలా పోవడం గెలుపెలా అవుతుందిరా అన్నట్టు మాట్లాడేది నాన్నొక్కడే. పార్కర్ 1955లో పోయింది సరిగ్గా ముప్పై నాలుగేళ్లకి, హెరాయిన్‌తో ఒళ్లు గుల్లయిపోయి. ఇంటర్వెల్‌బ్యాంగ్ చెప్పిన ఇంటర్వ్యూ మాట ఇక్కడికే అతుకుతుంది, ఆండ్రూ కోరుకున్నదే వాడికి దొరుకుతుందన్నమాట. గర్ల్‌ఫ్రెండ్ నికోల్‌ని కాఫీ షాపులో కూర్చోబెట్టి, నువ్వు నాకు అడ్డం అవుతావు అని ముందే లెక్కలేసి విడిపోయే సీన్ కూడా ఇదే వరస, అప్పటికి ఫ్లెచర్ వాణ్ణి అలా చెయ్యమని చెప్పలేదు కూడా.

ఇంటర్వెల్‌బ్యాంగ్:
మనకి చప్పట్లు కొట్టాలనిపించడం మాత్రం ఎడిటింగ్ మహిమ. టామ్ క్రాస్‌కి ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు, కర్ర, చెమట, ట్రంపెట్, కళ్లు, ఫైట్ సీన్‌లో దెబ్బకో కట్ వేసినట్టు వేశాడు. సౌండ్ మిక్సింగ్‌కీ, ఫ్లెచర్‌గా చేసిన జె.కె. సిమన్స్‌కీ కూడా వచ్చాయి, మొత్తం మూడు. తీసింది 19 రోజుల్లోనట, బడ్జెట్ 33 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిల్లరే.

రాత్రిషో_రాజా:
అమ్మో 19 రోజులా. ఆఖరిది, ఆండ్రూగా చేసిన మైల్స్ టెల్లర్ నిజంగానే వాయించాడా లేక చేతులు ఇంకొకరివా?

కర్రలశబ్దం:
నిజంగానే వాయించాడు, టీనేజ్ నుంచే రాక్ డ్రమ్స్ వచ్చు. జాజ్ పద్ధతి, ఎడమ చేత్తో కర్రని అడ్డంగా పట్టుకోవడం, ఇవి సినిమా కోసం నేర్చుకున్నాడు. నేర్పింది నేట్ లాంగ్, సినిమాలో వాడి సీటుకి పోటీగా ఉండే కార్ల్ టానర్ వేషం వేసింది ఆయనే. మనకి వినపడేదంతా మాత్రం టెల్లర్‌దే కాదు, ప్రొఫెషనల్ డ్రమ్మర్ వాయించింది కూడా కలిపారు. రెండోసారి చూసేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, టైటిల్ పాట ఏడు లెక్కల్లో నడుస్తుంది, వేలితో లెక్కపెడుతూ ఉంటే మొదట్లో మీరూ తప్పుతారు.