1940లో నార్వే రాజు దేశం వదిలి వెళ్లడం పారిపోవడం కాదా?

ప్రశ్న: డెన్మార్క్ రాజు పదవ క్రిస్టియన్ జర్మన్ల ఆక్రమణలోనూ కోపెన్‌హాగెన్‌లోనే ఉండిపోయాడు. ఆయన సొంత తమ్ముడు, నార్వే రాజు ఏడవ హాకన్ మాత్రం లండన్ వెళ్లిపోయాడు. అయినా నార్వే జనం ఆయన్ని అంతగా ఎందుకు అభిమానించారు?

జవాబు: పారిపోవడం అనకండి దయచేసి. ఏప్రిల్ 9న నార్వే మీద జర్మన్ల దాడి మొదలైంది, మర్నాడే జర్మన్ రాయబారి ఎల్వెరుమ్‌లో రాజుని కలిసి నాజీలకి మద్దతిచ్చిన నార్వే నాయకుడు క్విస్లింగ్‌ని ప్రధానిగా వేయమన్నాడు. ఆ పని తన వల్ల కాదని, మంత్రివర్గం ఒప్పుకుంటే తాను గద్దె దిగిపోతానని హాకన్ మంత్రులతో తేల్చి చెప్పాడు, వాళ్లూ ఆయన వెంటే నిలబడ్డారు. 11న రాజు ఉన్న నీబెర్గ్‌సుండ్ ఊరి మీద బాంబులు పడితే మంచులో, చెట్ల మధ్య దాక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా దాదాపు రెండు నెలలు దేశంలోనే ఉన్నాడు, జూన్ 7న ట్రోమ్సోలో బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కేదాకా!

జవాబు: పైన చెప్పింది కరెక్ట్. ఇంకోటి, ఓస్లోలో మిగిలిన పార్లమెంటు పెద్దలే ఒత్తిడికి లొంగి గద్దె దిగమని ఉత్తరం రాస్తే కుదరదన్నాడు, ఆ జవాబు బీబీసీలో తన గొంతుతోనే చదివాడు. జనం ఏడవ హాకన్ గుర్తుగా గోడల మీద, మంచు మీద హెచ్ అక్షరం, దాని మధ్యలో 7 అంకె గీసేవాళ్లు. 1942 ఆగస్టు 3న ఆయన 70వ పుట్టినరోజుకి కోటుకి పువ్వు పెట్టుకున్నందుకే అరెస్టులు జరిగాయి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి పిల్లలు?

జవాబు: కోడలు మార్తా, మనవలు ముందు స్వీడన్, తర్వాత అమెరికా. కొడుకు ఓలావ్ మాత్రం తండ్రితోనే. అందరూ 1945లో తిరిగొచ్చారు.