అప్‌డేట్: ఎయిర్‌బ్యాగ్ మార్చారు

నా కారులో ప్యాసింజర్ వైపు టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్ (ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే భాగం) రీకాల్‌కి, అంటే లోపమున్న భాగాన్ని ఉచితంగా మార్చడానికి, పార్టు లేదని హ్యూస్టన్‌లో డీలరు నెలల తరబడి తిప్పుతున్నాడు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా, పని అయింది. నోటిమాటతో లాభం లేదండీ. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు), రీకాల్ నంబరు, బండి చూపించిన తేదీ రాసి డీలరుకి ఈమెయిల్ పెట్టండి. బండి చూపించాక 60 రోజుల్లో రిపేరు చేయకపోతే అమెరికా చట్టం దాన్ని ప్రాథమికంగా జాప్యంగానే చూస్తుంది. ఆ మాట రాసి, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) ఫిర్యాదు చేశాకే కదిలారు. లోనర్ కారు (రిపేరయ్యేదాకా వాడుకోవడానికిచ్చే కారు) కూడా అడగండి, అడగందే చెప్పరు.

అందాకా ముందు ప్యాసింజర్ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దు, దయచేసి. ఏళ్ల తరబడి ఉక్కకీ వేడికీ ఇన్‌ఫ్లేటర్ లోపలి అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు ఎగురుతాయి. ఎయిర్‌బ్యాగ్ వైరు మీరే పీకే పని మాత్రం పెట్టుకోకండి. రిపేరయ్యాక బిల్లు మీద రీకాల్ నంబరు ఉందో లేదో చూసుకుని, రీకాల్ ఇంకా చూపిస్తోందేమో కొన్నాళ్లాగి విన్ నంబరుతో ఆన్‌లైన్‌లో మళ్లీ వెతకండి.