అమెరికా లైసెన్స్ ఉంది, ఓసీఐ ఉంది. అమలాపురంలో మళ్ళీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచీ మొదలెట్టాలా?

కొబ్బరితోట66:

అందరికీ నమస్కారమండి. నేనూ మా ఆవిడా చాలా ఏళ్ళు అమెరికాలో ఉద్యోగాలు చేసి, రిటైరయ్యాక మొన్న సంక్రాంతికి ముందు అంబాజీపేట దగ్గర మా ఊరొచ్చి స్థిరపడ్డాం. ఇద్దరివీ అమెరికా పాస్‌పోర్టులే, ఓసీఐ కార్డులున్నాయి (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చేవి), ఆధార్ ఇంకా లేదు. వచ్చేటప్పుడు అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ వాళ్ళ దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకున్నాను, దాంతోనే కారు నడుపుతున్నాను, దాని గడువు ఏడాదే కాబట్టి ఈలోపే ఇక్కడి లైసెన్స్ తీసుకోవాలని.

ఇక్కడ అడిగితే తలొక మాట చెబుతున్నారు. అమెరికా లైసెన్స్ చూపిస్తే ఇక్కడిదిగా మార్చేస్తారని ఒకరు, కుదరదు, కుర్రాళ్ళతో పాటు లైన్లో నిలబడి ఎల్‌ఎల్‌ఆర్ నుంచీ రావాల్సిందేనని ఇంకొకరు. ఒక బ్రోకరైతే "మీరు రానక్కర్లేదు సార్, కాయితాలు పంపండి చాలు, నేను చూసుకుంటా" అన్నాడు. అలా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో తీసుకున్న పాత లైసెన్స్ పుస్తకం బీరువాలో దొరికింది, గడువు ఎప్పుడో తీరిపోయింది, అదేమైనా పనికొస్తుందా? స్కూటర్ కూడా కొనుక్కోవాలనుంది, దానికి వేరే లైసెన్స్ కావాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

వశిష్ఠ_ఒడ్డు:

కొబ్బరితోట గారూ, నేనూ మీలాగే ఓసీఐ మీద వచ్చి తీసుకున్నవాడినే, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు ఆ ఇంటర్నేషనల్ పర్మిట్ సంగతి. అది 1949 జెనీవా ఒప్పందం కింద వచ్చిపోయేవాళ్ళ కోసం ఇచ్చేది, ఇక్కడే కాపురం పెట్టినవాళ్ళ కోసం కాదు, గడువు దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. లైసెన్స్ లేకుండా నడిపితే చట్టంలో 5000 జరిమానా ఉంది, కానీ దానికంటే పెద్ద టెన్షన్ ఇన్సూరెన్స్‌ది. ఏదైనా యాక్సిడెంట్ అయినప్పుడు నడిపిన మనిషికి సరైన లైసెన్స్ లేదని తేలితే, బాధితులకి కంపెనీ కట్టి ఆ డబ్బు బండి ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చాలా కేసుల్లో చెబుతున్నాయి. అంటే అంతా మీ మీదే పడుతుంది.

పాత పుస్తకం మీద ఆశ వదిలేయండి. గడువు తీరి ఏడాది దాటితే రెన్యువల్ కావాలన్నా మళ్ళీ టెస్ట్ పెట్టాల్సిందే, మీది ఏళ్ళ నాటిది. జ్ఞాపకంగా దాచుకోండి.

కాయితాల్లో చిక్కంతా అడ్రస్ ప్రూఫ్ దగ్గరే. ఓసీఐ వాళ్ళు అంతకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడుంటే ఆధార్‌కి అర్హులు, మీకు ఆ రోజులు నిండితే ముందు అది చేయించుకోండి, మిగతావన్నీ తేలికైపోతాయి. ఆధార్ ఉంటే పరివాహన్ సారథి సైట్లో ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు, లేకపోతే ఆఫీసుకి వెళ్ళి రాయాలి, తెలుగులోనే రాయొచ్చు, 60 శాతం ప్రశ్నలకి సరిగ్గా జవాబిస్తే పాస్. అప్పటిదాకా ఆగలేనంటే నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకోండి, వయసుకీ అడ్రస్‌కీ అఫిడవిట్ కూడా చెల్లుతుందని రూల్స్‌లోనే ఉంది.

పేరు దగ్గర మాత్రం చాలా జాగ్రత్తండి. అమెరికా పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరికి వెళ్ళిపోయి ఉంటుంది, ఇక్కడ ఆధార్ సెంటర్లో కుర్రాడు అలవాటు కొద్దీ ముందు పెడతాడు, లేదా ఒక్క అక్షరంగా కుదించేస్తాడు. స్క్రీన్ మీద చూపించమని అడిగి, పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం అక్షరం చూశాకే సరేననండి. ఇది తేడా వస్తే లైసెన్స్ దగ్గర మొదలై బ్యాంకు దాకా పోతుంది.

మీకు 40 దాటాయి కాబట్టి ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు చదవగలగాలి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియాలి. శుక్లాలుంటే ఆపరేషన్ అయ్యాకే వెళ్ళండి.

మంచిమాట_చెప్తా:

మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట సార్. ఈ వయసులో ఇక్కడి ట్రాఫిక్‌లో నడపడం అవసరమా? నెలకింతని డ్రైవర్‌ని పెట్టుకుంటే ఏ గొడవా లేదు కదా. మా పెదనాన్న గారు అలాగే చేశారు, హాయిగా ఉన్నారు.

కొబ్బరితోట66:

అనుకోవడానికేముందండి, మంచికే చెప్పారు. పగలు డ్రైవర్ దొరుకుతాడు, రాత్రి పదింటికి దొరకడు. మా ఆవిడకి షుగరుంది, ఒకసారి అర్ధరాత్రి కళ్ళు తిరిగి పడిపోతే కారు గుమ్మంలోనే ఉంది, పర్మిట్ ఉంది కాబట్టి నేనే అమలాపురం తీసుకెళ్ళాను. వచ్చే ఏడాది అలాంటి అవసరం వస్తే పక్కింటివాళ్ళ తలుపు కొట్టే పరిస్థితి నాకొద్దు. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు, ఇక్కడ మేమిద్దరమే.

మస్కట్_నుంచి_మలికిపురం:

అంకుల్ గారూ, మీరు చెప్పింది చదివితే మా అమ్మానాన్నలే గుర్తొచ్చారు. తప్పకుండా తీసుకోండి, ఆంటీకి కూడా నడపడం వస్తే ఆవిడ పేరు మీదా అప్లై చేయించండి.

ఒక విషయం ఎవరూ చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 9వ సెక్షన్ చదవండి. వేరే దేశంలో అధికారులు ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి, ఆ రకం బండి వరకూ, మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే డ్రైవింగ్ టెస్ట్ అక్కర్లేదని అందులో మినహాయింపు ఉంది. నేను మస్కట్ లైసెన్స్ మీద ఇదే అడిగితే కౌంటర్లో అలాంటిదేమీ లేదన్నారు. సెక్షన్ ప్రింట్ తీసి, అర్జీ రాసి, పై అధికారికిచ్చాను. ఆయన చదివి, నా ఒరిజినల్ లైసెన్స్ చూసి ఒప్పుకున్నారు. కాస్త ఆలస్యమైంది కానీ అయింది. మనకున్న హక్కు మనమే వదులుకుంటే తర్వాత వచ్చేవాళ్ళకీ లేదనే చెబుతారు.

పాలకొల్లు_స్టీరింగ్:

నేను డ్రైవింగ్ స్కూల్ నడుపుతానండి. మేడం చెప్పిన మినహాయింపు చట్టంలో ఉన్నమాట నిజమే, అడగడం తప్పు కాదు. అయినా నా సలహా టెస్ట్‌కే వెళ్ళమని. ఆన్‌లైన్లో అప్లికేషన్ మామూలుగా స్లాట్ దగ్గరికే తీసుకెళ్తుంది, అర్జీ పెట్టి తిరిగేకన్నా అదే ముందు అవుతుంది. అదొకటే కాదు, అమెరికా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి నేర్పిన అనుభవంతో చెబుతున్నాను, వాళ్ళకి డ్రైవింగ్ రాక కాదు, మన గట్టు రోడ్లు అలవాటు లేక ఇబ్బంది.

అక్కడ ఎడమవైపు కూర్చుని నడిపిన మనిషి ఇక్కడ కుడివైపు కూర్చునేసరికి బండి ఎడమ పక్క ఎంత వెడల్పుందో అంచనా చిక్కదు. ఎదురుగా బస్సు రాగానే భయానికి ఎడమకి లాగేస్తారు, ఎడమ చక్రాలు తారు దిగి మట్టి మార్జిన్లో పడతాయి, ఆ పక్కనే కాలవ. వానాకాలంలో ఆ మట్టి ఎంత మెత్తగా ఉంటుందో మీకు తెలుసు. నేనైతే బానెట్ మీద ఎడమవైపు చిన్న స్టిక్కర్ అంటిస్తాను, అది రోడ్డు అంచుకి ఎక్కడ కనపడితే చక్రం ఎక్కడుందో తెలిసేలా, ఖాళీ రోడ్డు మీద పొద్దున్నే అదే పనిగా చేయిస్తాను. ఇంకోటి, ఇండికేటర్ వేద్దామని వైపర్ వేస్తారు, అది నాలుగు రోజుల్లో పోతుంది. రివర్స్ మాత్రం బాగా సాధన చెయ్యాలి. సన్న గట్టు మీద ఎదురుబొదురు పడితే వెడల్పున్న చోటుదాకా ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి, కెమెరా చూసుకుంటూ వెళ్దామంటే బురదపట్టి ఏమీ కనపడదు. దాళ్వా (రెండో పంట) మాసూళ్ళప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోతే ఉంటుంది, రాత్రిళ్ళు ఆ రాశుల చుట్టూ పెట్టిన రాళ్ళు చూసుకోవాలి.

టెస్ట్‌కి కారైతే రివర్స్‌తో సహా ట్రాక్ మీద చేయిస్తారు, స్కూటర్‌కి ఎనిమిది అంకె వెయ్యాలి, కాలు కింద పెట్టకూడదు. స్కూటర్‌కి మీ అమెరికా కారు లైసెన్స్ పనికిరాదండి, మోటార్ సైకిల్‌కి అక్కడ విడిగా తీసుకుని ఉంటే తప్ప. రెండూ కలిపి ఒకేసారి ఎల్‌ఎల్‌ఆర్ పెట్టండి. బండి మీరే తీసుకెళ్ళాలి, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ సరిగ్గా ఉండాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు అవే ముందు చూస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత టెస్ట్‌కి వెళ్ళొచ్చు, అది 6 నెలలు చెల్లుతుంది. ఫీజు గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి, కేంద్రం పెట్టినది ఎల్‌ఎల్‌ఆర్‌కి ఒక్కో రకం బండికి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్ట్‌కి ఒక్కో రకానికి 300, లైసెన్స్‌కి 200, వీటి మీద సర్వీస్ చార్జీలు. వేలల్లో అడిగేవాడు ఆ మిగతాది దేనికి తీసుకుంటున్నాడో మీరే ఆలోచించండి. మనిషి రాకుండా వచ్చిన లైసెన్స్ జోలికి వెళ్ళొద్దు.

ఎదుర్లంక_వాసి:

మాకు యానాం దగ్గర, అక్కడ రద్దీ తక్కువ, అక్కడ పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ కాపురం లేనివాళ్ళకి కుదరదు. మన రాష్ట్రంలో మాత్రం 2019 సవరణ తర్వాత ఏ ఆఫీసులోనైనా పెట్టుకోవచ్చు, అమలాపురంలో స్లాట్ దొరక్కపోతే వేరే చోట చూడండి.

కొబ్బరితోట66:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇన్నాళ్ళూ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. టెస్ట్‌కే వెళ్తాను, గట్టు మీద రివర్స్ నేర్చుకోవాలి నిజంగానే. ఆధార్‌కి రోజులు నిండినట్టే ఉన్నాయి, సోమవారం వెళ్తాం. రెండు విషయాలు మిగిలాయి. అఫిడవిట్‌లో అమెరికా అడ్రస్ కూడా రాయాలా? లైసెన్స్ వస్తే ఎన్నేళ్ళు ఉంటుంది?

వశిష్ఠ_ఒడ్డు:

ఆధార్ వచ్చేస్తే అఫిడవిట్ అవసరం పడకపోవచ్చు. చేయిస్తే మాత్రం ఇక్కడి ఇల్లు ఫలానా డోర్ నంబరు, ఇదే నా నివాసం అని స్పష్టంగా రాయించి, అమెరికా అడ్రస్, ఈమెయిల్ కూడా పెట్టించండి. ఓసీఐ వాళ్ళు అలా ఇవ్వొచ్చని కేంద్రం చెప్పిందే. 55 దాటినవాళ్ళకి ఒకసారికి 5 ఏళ్ళే ఇస్తారండి. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు, అప్పుడు మళ్ళీ మెడికల్ కావాలి. ఆ తేదీ ఫోన్లో పెట్టుకుని, అమెరికాలో ఉన్న పిల్లలకీ చెప్పి ఉంచండి, మీరు అక్కడికి వెళ్ళినప్పుడు గడువు దాటిపోకుండా.