కారు స్క్రీన్‌లో లైవ్ ట్రాఫిక్‌కు ఏటా చందా కట్టాలా, ఫోన్ చాలదా?

హన్మకొండ ట్యాక్సీ:
అన్నలకు నమస్తే. వారంలో మూడు నాలుగు సార్లు హైదరాబాద్ కిరాయిలు తగులుతాయి. కారుకు కొత్త స్క్రీన్ పెట్టిద్దామని పోతే, లోపలే సిమ్ ఉన్న నావిగేషన్ తీసుకోమన్నారు. లైవ్ ట్రాఫిక్ మొదటి ఏడాది ఫ్రీ, తర్వాత ఏటా చందా. చేతిలో ఫోన్ ఉండగా ఇది దండగేనా?

కాజీపేట చౌరస్తా:
దండగే తమ్మీ. గూగుల్ మ్యాప్స్ 2012 నుంచి హైదరాబాద్ ట్రాఫిక్‌ను ఊరికే చూపిస్తోంది. ఉప్పల్ వైపు రద్దీ ఉందని ఎరుపు కనిపిస్తే నేను ఘట్‌కేసర్‌లోనే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తా.

ములుగు రోడ్డు:
నేను ఒప్పుకోను అన్నా. సరిగ్గా ఆ ఔటర్ మలుపు దగ్గరే నాకు కాల్ వచ్చింది, మ్యాప్ వెనక్కి పోయింది, మలుపు దాటిపోయింది. ఎండాకాలం అద్దం ముందు పెట్టిన ఫోన్ కాలిపోతుంది కూడా. 2020 అక్టోబర్ నుంచి ఉన్న రూల్ ప్రకారం, బండి నడిపేటప్పుడు ఫోన్‌ను దారి చూసుకోవడానికే వాడాలి, అదీ ధ్యాస చెదరకుండా. దారికి వేరే స్క్రీన్ ఉంటే ఫోన్ జేబులోనే ఉంటుంది.

శివనగర్ వాసి:
ఇద్దరూ స్క్రీన్ గురించే అంటున్నారు. ఆ రంగులు ఎక్కడివో చూడండి. ఉపగ్రహం ట్రాఫిక్ చెప్పదు. దాని సిగ్నల్‌తో మనం ఎక్కడున్నామో మాత్రమే తెలుస్తుంది. ట్రాఫిక్ సంగతి ఆ రోడ్డు మీద కదిలే ఫోన్లు, కార్ల వేగాన్ని బట్టి లెక్కగట్టి సెల్ నెట్‌వర్క్‌లో పంపుతారు. నావిగేషన్ కంపెనీ టామ్‌టామ్ 2007లో నెదర్లాండ్స్‌లో లైవ్ ట్రాఫిక్ మొదలుపెట్టింది కూడా సెల్‌ఫోన్ల కదలికలతోనే. అంటే రోడ్డు మీద బండ్లు ఉండాలి, మనకు నెట్ అందాలి.

మా అండర్ బ్రిడ్జి కింద గట్టి వానకు నీళ్లు నిలుస్తాయి. పోయిన వానాకాలం ఒక రాత్రి మ్యాప్ అటే పంపింది. బండ్లే లేని చోట ఎరుపు ఎట్లా వస్తుంది? ఆగి ఉన్న ఆటో లైటు వెలుగులో నీళ్లు మెరిస్తే బ్రేక్ కొట్టాను. అప్పటికే ముందు చక్రాలు సగం మునిగాయి. వెనక సీట్లో మా అమ్మ ఉంది.

మేడారం జాతరప్పుడైతే పస్రా దాటాక అడవి. లక్షల మంది ఒక్కచోట చేరితే నెట్ కదలదు. పోలీసులు వన్‌వే పెడతారు, వచ్చిన దారిన వెనక్కి పంపరు. అక్కడ చందా కట్టిన స్క్రీనైనా, ఫోనైనా ఒకటే. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ కొంత ఆదుకుంటుంది, మిగతాది పోలీసు చెయ్యి చూసి పోవడమే.

తమ్మీ, స్క్రీన్ పెట్టించుకో, మంచిదే. చందా మాత్రం మొదటి ఏడాది వాడి చూశాకే కట్టు.

హన్మకొండ ట్యాక్సీ:
అమ్మ సంగతి చదివి గుండె గుబేలుమంది అన్నా. నెట్ లేకున్నా దారి చూపిస్తుందా, చందా ఆపితే లోపలున్న మ్యాప్ ఉంటుందా పోతుందా, రేపు షాపులో ఈ రెండూ అడుగుతా.

ములుగు రోడ్డు:
మ్యాప్ అప్‌డేట్‌కు విడిగా డబ్బు తీసుకుంటారేమో, అదీ అడుగు. బిల్లు మీద రాయించుకో.